విప్పకుండా వదిలిన ముడి

శంఖినీ నది ఒడ్డున పుట్టినవాడికి ఎవరూ చెప్పకుండానే తెలిసే సంగతి ఒకటుంది. ఆ నదిమీద పడవ నడిపే సరంగు ఎవరి కొలువుకైనా ఒప్పుకున్నాడంటే నోటితో చెప్పి ఊరుకోడు. తన ఇంట్లో పేనిన తాడు తెచ్చి ఆ యజమాని పడవ ముక్కున ముడి వేస్తాడు. దాన్ని మాటముడి అంటారు. ఆ ముడి ఉన్నంతకాలం మరో సరంగు ఆ పడవలో కాలు పెట్టడు. మెడమీద కత్తి పెట్టినా పెట్టడు, మణుగు బంగారం పోస్తానన్నా పెట్టడు.

అలాగని ఒప్పుకున్నవాడు మనసు మార్చుకోకూడదని కాదు. మనుషులన్నాక మారతారు. ఇంకోచోట మేలైన కొలువు దొరుకుతుంది, ఇంట్లో ఏదో అవసరం పడుతుంది. అప్పుడు పట్టపగలు ఆ యజమాని ఎదుటికి వచ్చి, తన చేత్తో ముడి విప్పి, "నీ పడవ నీది" అని చెప్పి, తాడు నడుముకు చుట్టుకుని వెళ్ళిపోవచ్చు. యజమాని పల్లెత్తు మాట అనకూడదు సరిగదా, ముంత నిండా మజ్జిగ ఇచ్చి పంపాలి. నీలాంకుడనే సరంగు తండ్రి తన జన్మలో రెండుసార్లు ముడి విప్పాడు, రెండుసార్లూ మజ్జిగ తాగాడు, ఎవరూ ఆయన్ని వేలెత్తి చూపలేదు. ఇంత సుళువైన పని. సుడిగుండాలతో చెలగాటమాడే నీలాంకుడు ఈ సుళువైన పనే చెయ్యలేకపోయాడు, అదీ మన కథకు వచ్చిన చిక్కు.

నెల కిందట అతను మాటముడి వేసింది పింగళదుర్గం రాజు ఇందుశేఖరుడి పడవకు. రాజంటే పేరుకు రాజే. కోటగోడలమీద మేకలు మేసేవి, సింహద్వారానికి ఒక తలుపే మిగిలింది, ఉన్న నలుగురు సైనికుల్లో ఇద్దరికి పళ్ళు లేవు. ఆ ముసలిరాజుకు ఒక్కతే కూతురు, మంజులేఖ. తల్లి తరఫున కనకవేది సింహాసనం ఆ పిల్లకు దక్కాలి. ఆమె చేసిన నేరం అదొక్కటే. కనకవేది ఆస్థాన మాంత్రికుడు వక్రనాసికుడు ఆమెను ఎత్తుకుపోయి, ఏడు సుడిగుండాలకు అవతలనున్న నల్లలంక గుహలో రాతిబొమ్మను చేసి నిలబెట్టాడు. శాపం పడిన పన్నెండో ఏట, జ్యేష్ఠ పౌర్ణమినాడు, సూర్యుడు నడినెత్తికి వచ్చిన వేళ ఆ గుహ తలుపు ఒక్క ఘడియసేపు తెరుచుకుంటుంది. ఆ ఘడియలో కన్నతండ్రి చెయ్యి తగిలితే రాయి మళ్ళీ మనిషవుతుంది. ఆ ఘడియ దాటిందా, తలుపు ఇక తెరుచుకోదు, మంజులేఖ ఎప్పటికీ రాయే.

ముడి వేసిన రోజున ఇందుశేఖరుడు నీలాంకుడి చెయ్యి పట్టుకుని, "నాయనా, నీకిచ్చుకోడానికి నా దగ్గర ఏమీ లేదు. కూతురొచ్చాక నీ పేరు చెప్పి రోజూ దీపం పెట్టిస్తాను" అన్నాడు. నీలాంకుడికి కళ్ళు చెమర్చాయి. అప్పుడతను ఇచ్చిన మాట మనస్ఫూర్తిగా ఇచ్చిందే.

పౌర్ణమి ఇంకా మూడు రోజులుందనగా, పొద్దెక్కిన వేళ నీలాంకుడి గుడిసె ముందు ఒక కంటివైద్యుడు వచ్చి నిలబడ్డాడు. తెల్లటి గడ్డం, భుజాన మందుల సంచి, మాటల్లో తేనె. గుడిసె అరుగుమీద నీలాంకుడి భార్య చెంగల్వ గోగునార తాడు పేనుతోంది. ఆమెకు నెలల పిల్లగా ఉన్నప్పుడే చూపు పోయింది. ఆ వేళ్ళకు మాత్రం కళ్ళున్నాయనేవారు ఊళ్ళో. ప్రతి తాడులోనూ చిరివేరు రంగులో ఉడికించిన ఎర్రపోగు ఒకటి వేసేది. రంగు పట్టిన పోగు కాస్త గరుకుగా ఉంటుందట, దాన్నే తడిమి ఎరుపు అనుకునేది.

వైద్యుడు ఆమె కనురెప్పలు ఎత్తి చూసి, నీలాంకుణ్ణి పక్కకు పిలిచాడు. "దీనికి అంజనం ఉంది. కనకవేది రాజవైద్యశాలలో తప్ప మరెక్కడా దొరకదు, కొలువులో ఉన్నవాళ్ళ ఇంటివాళ్ళకు తప్ప వెయ్యరు. మా ప్రభువు నిన్ను నౌకాధిపతిగా రమ్మంటున్నాడు. రాతిమేడ ఇస్తాడు. మూడు రోజుల్లో నీ భార్య నిన్ను చూస్తుంది. కానీ ఈ సాయంత్రానికే బయల్దేరాలి, అంజనం నూరిపెట్టి వచ్చాను, ఆగితే పనికిరాదు."

మంజులేఖను రాయి చేసింది కనకవేదివాళ్ళేనని నీలాంకుడికి గుర్తొచ్చింది గాని, చెంగల్వకు చూపొస్తుందన్న ఆశ ముందు ఆ తలపు నిలవలేదు. "పింగళదుర్గానికి మాటిచ్చానండి" అన్నాడు.

"దానిదేముంది, నేను మనిషిని పంపి చెప్పిస్తాను. ఆ ముడి వాళ్ళే విప్పుకుంటారు."

మాటముడి వేసినవాడు తప్ప ఇంకొకడు విప్పరాదని నీలాంకుడికి తెలియదా? బాగా తెలుసు. అందుకే, "నేనే వెళ్ళి విప్పివస్తాను" అని పడవెక్కాడు. ఎదురు ప్రవాహంలో తెడ్డు వేసుకుంటూ పింగళదుర్గం రేవు కనిపించే మలుపుదాకా వెళ్ళాడు. అక్కడ చూశాడు. ముసలిరాజు మొలకు పాత పంచె బిగించి, ఎండలో ఒక్కడూ కూచుని పడవ చెక్కలకు చేపనూనె రాస్తున్నాడు. పడవ ముక్కునున్న ముడి దగ్గరకొచ్చేసరికి నూనె అంటకుండా రెండు చేతులూ పంచెకు తుడుచుకుని, తాడును మెల్లగా పక్కకు జరిపి, దాని కింద రాసి, మళ్ళీ సరిగ్గా పెట్టాడు.

ఆ మనిషి ముందుకు వెళ్ళి 'నేను రాను' అనడానికి నీలాంకుడికి ముఖం చెల్లలేదు. తన అవసరం చెబితే ఆయన అర్థం చేసుకునేవాడే. మిగిలిన మూడు రోజుల్లో ఇంకో సరంగును వెతుక్కునేవాడే, నది పొడుగునా గట్టివాళ్ళు నలుగురైదుగురు లేకపోలేదు. నీలాంకుడు మలుపులో చెట్లచాటున ఎంతసేపు నిలబడ్డాడో అతనికే తెలియదు. చివరికి తెడ్డు తిప్పి ఇంటిదారి పట్టాడు. చూశారా, ఎంత పిరికితనమో.

"విప్పావా మావా?" అంది చెంగల్వ.

"విప్పాను."

"మజ్జిగిచ్చారా దొరగారు?"

"ఇచ్చారు."

"పాపం, పెద్దమనసు." చెయ్యి చాచి అతని నడుము తడిమింది. "తాడేది?"

"ఏట్లో జారిపోయింది."

ఆమె వేళ్ళు అతని నడుముమీద కాసేపు ఆగాయి. "పోనీలే, ఇంకోటి పేనుతా" అని చెయ్యి తీసేసింది. పెళ్ళయిన ఆరేళ్ళలో అతను ఆమెతో ఆడిన మొదటి అబద్ధం అదే.

ఏనుగంతేసి ఎర్రముక్కు కొంగలు రెండు లాగే రథంలో ఆ సాయంత్రమే బయల్దేరారు. మేఘాలు దాటగానే వైద్యుడి తెల్లగడ్డం గాలికి ఊడి ఎగిరిపోయింది. దాని వెనకాల వంకరముక్కు, పచ్చటి కళ్ళు, చెవులకు పాముకుండలాలు. నీలాంకుడు గతుక్కుమన్నాడు. అతను నోరు తెరిచేలోపలే కొండగాడ్పుల్లోంచి రాతిరెక్కల డేగలు గుంపుగా వచ్చి రథంమీద పడ్డాయి. ఒకటి చెంగల్వ కొంగు అందుకుంది. నీలాంకుడు తన తెడ్డు తిప్పి కొట్టిన దెబ్బకు దాని రెక్క పెళపెళమని విరిగి లోయలో పడింది. ఇంకోటి, మరోటి. మోచేతులదాకా నెత్తురు కారుతున్నా అతను చెంగల్వకు అడ్డంగా నిలబడి కొట్టాడు. వక్రనాసికుడు మాత్రం వెనక్కు వాలి కూచుని, "బాగుంది, బాగుంది. చేతిసత్తువ ఉన్నవాడివే. నువ్వు పింగళదుర్గంలో ఉంటే మా గతేమయ్యేదో" అని నవ్వాడు. ఆ మాట నీలాంకుడి చెవిన పడింది గాని మనసుకు ఎక్కలేదు. రథం అప్పటికే కనకవేదిమీద దిగుతోంది.

ఆ నగరాన్ని ఏమని చెప్పను! చంద్రకాంతశిలల ప్రాకారాలు, ప్రాకారానికి తొమ్మిది గోపురాలు, ప్రతి గోపురానికి మువ్వలు కట్టిన జెండాలు. వీధుల్లో పన్నీటి జల్లులు, మేడల కిటికీలకు పగడాల జాలీలు, అరుగులమీద మాట్లాడే గోరింకలు. నదికి ఎదురుగా ఏడంతస్తుల రాతిమేడ, అదే నౌకాధిపతి నివాసం. చెంగల్వ కళ్ళకోసం అన్నీ దిగమింగుకున్న నీలాంకుడి తలకు జలతారు కుచ్చుల తలపాగా చుట్టారు. చెంగల్వ కళ్ళకు అంజనం పెట్టి పట్టుగుడ్డతో కట్టు కట్టారు.

మర్నాడు కొత్త నౌకాధిపతి తన నౌకలు చూడబోయాడు. రాజోద్యానంలోని కొలనులో నలభై బంగారు పడవలు వెండిగొలుసులతో కట్టేసి ఉన్నాయి. వెండితెడ్లకు తడి తగిలిన జాడే లేదు. "వీటిని నదిలోకి ఎప్పుడు దింపుతారు?" అని తోటమాలిని అడిగాడు. తోటమాలి అతన్ని ఎగాదిగా చూసి, "ఇవి ఏట్లో దింపడానికి కాదు బాబూ, చూడ్డానికి" అన్నాడు. నీలాంకుడికి తల కొట్టేసినట్టయింది. ఆ రెండు రోజులూ పంచభక్ష్య పరమాన్నాలు ముందు పెట్టినా ముద్ద దిగలేదు. పింగళదుర్గానికి మనిషి వెళ్ళాడా అని ముగ్గురిని అడిగితే ముగ్గురూ తల తిప్పుకున్నారు.

పౌర్ణమి పూట, పగలు రెండోజాము నడుస్తుండగా, మేడ పైకప్పుమీద వక్రనాసికుడు తన చేత్తో చెంగల్వ కళ్ళకట్టు విప్పాడు.

ఆమె మొదట కళ్ళు గట్టిగా మూసుకుంది. తరవాత కొంచెం తెరిచింది. ఎదురుగా ఉన్నది నీలాంకుడి ముఖం. ఎంతోసేపు చూసింది. అలవాటుకొద్దీ చెయ్యెత్తి, చూస్తూనే, అతని కనుబొమ్మలూ బుగ్గలూ తడిమింది.

"ఇదా నీ ముక్కు? తడిమితే ఇంకాస్త తిన్నగా ఉన్నట్టుండేది" అంది. నవ్వబోయింది, నవ్వలేక ఏడ్చింది. నీలాంకుడూ ఏడ్చాడు. ఆరేళ్ళుగా అతను కోరుకున్నది ఈ క్షణమే, తీరా అది వస్తే ఆమె కళ్ళలోకి సూటిగా చూడలేకపోయాడు.

"ఏరు చూపించు మావా" అందామె.

పిట్టగోడ దగ్గరకు తీసుకెళ్ళాడు. కింద శంఖినీ నది తళతళలాడుతూ కుడివైపుకు, సుడిగుండాల లోయవైపుకు పరుగెడుతోంది. చెంగల్వ నీళ్ళను చూసింది, ఒడ్డును చూసింది. ఎగువ నుంచి వస్తున్న దేనిమీదనో ఆమె చూపు ఆగింది.

"అదేనా పడవంటే?"

"అదే."

"దాని ముక్కున ఏదో ఉంది మావా. మిగతాదానికీ దానికీ తేడాగా ఉంది, కంటికి గుచ్చుకుంటున్నట్టుగా. ఎరుపంటే అదేనా?"

నీలాంకుడు చూశాడు. పాత పడవ. చేపనూనె రాసిన చెక్కలు ఎండలో మెరుస్తున్నాయి. పడవ ముక్కున మాటముడి అలాగే ఉంది. సరంగు లేడు. ఇందుశేఖరుడు ఒక్కడే, వంగిన నడుముతో, తెడ్డు ఎటు వెయ్యాలో తెలియక అటో దెబ్బా ఇటో దెబ్బా వేస్తూ, సుడిగుండాలవైపు కొట్టుకుపోతున్నాడు.

చెంగల్వ అతనివైపు తిరిగింది. ముఖం చూసి మనసు తెలుసుకోవడం ఆమెకు అదే మొదలు, అయినా తెలిసిపోయింది.

"నువ్వు విప్పలేదు" అంది.

"మలుపుదాకా వెళ్ళాను చెంగల్వా. ఆయన ఎదటపడలేకపోయాను."

"అయితే వేరేవాడెవడూ ఎక్కుండడు."

"ఎక్కడు."

వెనకనుంచి వక్రనాసికుడు చప్పట్లు కొట్టాడు. "ఎందుకెక్కుతాడు? మీ ఏటి నీతి అంత గొప్పది మరి. ఓయీ సరంగూ, మాకు నువ్వెందుకు? మాకు కావలసింది ఆ పడవకు సరంగు లేకపోవడం. ముడి విప్పి వచ్చుంటే నా పథకం నీరుగారిపోయేది. నువ్వు మలుపులోంచి వెనక్కు తిరిగినప్పుడు నేను నిజంగా సంతోషించాను."

నీలాంకుడు గోడమీద చెయ్యి వేశాడు.

"దూకుతావా? దూకు" అన్నాడు మాంత్రికుడు తాపీగా. "కానీ ఒక్క మాట. ఆ అంజనం మా కొలువు ఉప్పుతో నూరింది. కొలువు విడిచి నీ పాదం నీళ్ళను తాకిందా, నూరు లెక్కపెట్టేలోగా నీ భార్య కళ్ళు ఎప్పటిలాగే అవుతాయి. ఈసారి మందు లేదు."

నీలాంకుడి చెయ్యి గోడమీదే బిగుసుకుపోయింది. కింద పడవ రేవు దాటుతోంది. ఎండ నడినెత్తికి ఇంకా కొద్దిగానే ఉంది. అటు ఒక తండ్రి, ఇటు తన ఇల్లాలి కళ్ళు. ఏ పక్కకు అడుగు వేసినా మాట తప్పినవాడే.

చెంగల్వ దగ్గరకొచ్చింది. అతని తలమీది జలతారు తలపాగా రెండు చేతులతో తీసి కింద పెట్టింది.

"కొంచెం వంగు మావా. ఇంకోసారి చూడనీ." చూసింది. కుడిచెవి పక్కనున్న పుట్టుమచ్చను చూసింది, డేగ గీరిన గాయాన్ని చూసింది. "చాలు. గుర్తుంటుంది."

"నావల్ల కాదు చెంగల్వా. నీకోసమే గదా ఇదంతా చేశాను."

"నాకోసం చేశావని నాకు తెల్దా? నువ్వెళ్ళి చెప్పి విప్పొస్తే, ఈ కళ్ళతో నూరేళ్ళు నిన్ను చూసుకునేదాన్ని. ఇప్పుడెలా చూసేది? అది మనింటి తాడు మావా, నేను పేనింది. ఆ తాడు కట్టుకుని ఆ పెద్దాయన నీళ్ళలో పోతే నాకీ చూపు ఎందుకు? చీకటి నాకు అలవాటే. నువ్వెళ్ళు."

నీలాంకుడు ఆమె నుదుటిమీద ముద్దుపెట్టాడు. గోడకు ఆనించిన తెడ్డు అందుకుని దూకాడు.

కిందికి కాదు, జెండాకొయ్యమీదికి. భటులు విసిరిన ఈటెలు మూడు అతని జుట్టు ఒరుసుకుంటూ పోయాయి. జెండా తాడు పట్టుకుని జర్రున జారాడు. సగం దారిలో వక్రనాసికుడి మంత్రానికి ఆ తాడు కట్లపామై పడగెత్తింది. దాని తల తెడ్డుతో చితక్కొట్టి, రెండో అంతస్తు కప్పుమీద పడి, పెంకులమీద దొర్లుకుంటూ రేవులోకి వచ్చాడు. రేవుమెట్లమీద చెక్కిన మొసలిబొమ్మలు ప్రాణం వచ్చి నోళ్ళు తెరిచాయి. ఒకదాని వీపుమీద కాలు వేసి, రెండోదాని దవడల మధ్య నుంచి తప్పించుకుని, మూడోదాని తోకమీంచి ఎగిరాడు. ఎగిరినవాడు, నీళ్ళు ఇక జానెడు దూరంలో ఉన్నాయనగా, ఒక్క లిప్తపాటు పాదాలు ముడుచుకున్నాడు. ఏం లాభం, మునగక తప్పదు గదా.

మునిగాడు. మునుగుతూనే మనసులో లెక్క మొదలైంది. ఒకటి, రెండు, మూడు.

ఈదాడు. బాణాలు చుట్టూ నీళ్ళలో చురుక్కుచురుక్కుమని దిగుతున్నాయి. ముప్పై. నలభై. మొదటి సుడిగుండం అంచున పడవ గిర్రున తిరగడం మొదలైంది. యాభై ఎనిమిది దగ్గర అతని చేతికి తడిసిన గోగునార తగిలింది. తన ముడి. దాన్నే పట్టుకుని పడవలోకి ఎగబాకాడు.

ఇందుశేఖరుడు తెడ్డు ఆపి అతన్ని చూశాడు. అరచేతులు బొబ్బలెక్కి నెత్తురోడుతున్నాయి. కోపం లేదు ఆ ముఖంలో, ఉంటే నీలాంకుడికి కాస్త తేలికగా ఉండేది. ఆయన కాళ్ళ దగ్గర, తాళ్ళచుట్ట మధ్యన, మూతకు ఆకు కట్టిన ముంత ఒకటి ఉంది.

"వచ్చావా నాయనా" అన్నాడు. "కనకవేది వెళ్ళావని జాలర్లు చెప్పారు. విప్పడానికైనా వస్తావని రెండు రోజులు ఈ మజ్జిగ పెట్టుకుని రేవులో కూచున్నాను. ఇప్పుడు విప్పడానికొచ్చావా, నడపడానికా?"

నీలాంకుడు ముసలాయన చేతిలోంచి తెడ్డు మెల్లగా తీసుకుని, ఆయన్ను పడవ అడుగున కూచోబెట్టి, తన తెడ్డు నీళ్ళలో దించాడు. మొదటి సుడి అంచు ఎక్కడ తెగుతుందో అతని చేతులకు తెలుసు. పడవ ఒక్క కుదుపుతో దారికొచ్చింది.

తొంభై ఏడు. తొంభై ఎనిమిది.

లోయలోకి తిరిగే మలుపు దగ్గర ఒక్కసారి వెనక్కు చూశాడు. మేడమీద పిట్టగోడ పట్టుకుని చెంగల్వ నిలబడి ఉంది. ఇద్దరు భటులు ఆమెవైపు నడుస్తున్నారు. ఆమె చెయ్యి ఊపుతోంది, నవ్వుతోంది కూడా. కానీ ఆమె ముఖం పడవవైపు లేదు. పడవ ఎప్పుడో దాటిపోయిన చోట, ఉత్త నీళ్ళవైపు ఉంది.

"ఏమైంది నాయనా?" అన్నాడు ఇందుశేఖరుడు.

"ఏం లేదు దొరా. గట్టిగా పట్టుకోండి" అన్నాడు నీలాంకుడు. ముందు రెండో సుడిగుండం హోరు వినిపిస్తోంది.